దూడ వాటా: బీజాపూర్ దారిలో ఒక సేద్యపు ఏడాది

బీజాపూర్ పల్లెల్లో గొడ్డూ గోదా లేని ఇల్లు అరుదు. పాడి ఉన్న ఇల్లు అంతకన్నా అరుదు. ఐదారు ఆవులు, ఒక జత ఎడ్లు, రెండు మూడు దూడలు ఉన్న ఇంట్లో కూడా కవ్వం ఉండదు, పెరుగు ఉట్టి ఉండదు, పాలు కాచిన గిన్నె అడుగు మాడిన వాసన రాదు. దక్షిణ బస్తర్‌లో కాపురముండే మారియా, మురియా, దోర్లా కుటుంబాల్లో ఆవును పితకడం ఆనవాయితీ కాదు. ఆవు పాలు దూడవి. 1920ల చివర బస్తర్ సంస్థానంలో పాలనాధికారిగా ఉన్న డబ్ల్యు.వి. గ్రిగ్‌సన్ 1938లో అచ్చయిన ‘ది మారియా గోండ్స్ ఆఫ్ బస్తర్’ పుస్తకంలో మారియాలు ఆవుల్ని పితకరని రాశాడు. ఆ తర్వాత రోడ్లు వచ్చాయి, సెల్ టవర్లు వచ్చాయి, రేషన్ బియ్యం వచ్చింది. లోపలి ఊళ్లలో ఆ మాట ఇప్పటికీ చాలావరకు నిజమే.

పాడి లేని సేద్యం అంటే తెలుగు రైతుకు ఏదో వెలితిగా తోస్తుంది. మన దగ్గర పాడీ పంటా అని జంటగా అనడమే అలవాటు. ఒకటి దెబ్బతింటే రెండోది ఆదుకుంటుందని లెక్క. ఆ రెండోది లేకుండా బీజాపూర్ ఇల్లు ఏడాది ఎలా గడుపుతుంది, దేంతో కూడు కలుపుతుంది, దేంతో చేతిలో నాలుగు రూపాయలు ఆడిస్తుంది అన్నది చూడదగ్గ విషయం. చూడటానికి వరంగల్లు వైపు నుంచి వెళ్లే దారి మంచిది. పాలు క్రమంగా పలచబడి, చివరికి మాయమయ్యేది ఆ దారిలోనే.

హనుమకొండలో తెల్లవారుజామున మొదట కదిలేవి పాలవ్యాన్లు. ఆ ఊరికి అవతల ముల్కనూరులో మహిళలే సొంతదారులుగా 2002లో మొదలైన సహకార డెయిరీ ఉంది. ‘స్వకృషి’ పేరుతో దాని ప్యాకెట్లు వరంగల్లు వీధుల్లో ఇంటింటి గుమ్మానికీ తెలుసు. అక్కడినుంచి 163వ నంబరు జాతీయ రహదారి ములుగు మీదుగా తూర్పుకు సాగుతుంది. పస్రా దాటాక అడవి దగ్గరకొస్తుంది. తాడ్వాయి దగ్గర మేడారం దారి చీలుతుంది. సమ్మక్క సారలమ్మ జాతరకు బస్తర్ కోయలు కూడా అడవి దారుల వెంట వచ్చేది అక్కడికే. ఏటూరునాగారం తర్వాత ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటితే వాజేడు, పేరూరు. నదికి రెండు వైపులా నల్లరేగడి, దాని నిండా మిరప.

బీజాపూర్ సేద్యపు ఏడాదిలో ఒక ముక్క ఈ మిరప చేలల్లోనే గడుస్తుంది. వరి కోతలై, ఇంట్లో గింజలు పోసుకున్నాక, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా భోపాలపట్నం, ఉసూరు, బీజాపూర్ బ్లాకుల నుంచి ఆడవాళ్లు, కుర్రవాళ్లు గుంపులుగా వచ్చి చేల గట్ల మీదే పాకలు వేసుకుంటారు. కూలి కొంత డబ్బుగా, కొంత ఎండుమిరపకాయలుగా ముడుతుంది. ఆ కాయలే ఏడాది పొడుగునా వాళ్ల కూరల్లోకి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌లో ఇక్కడి మిరప తోటల నుంచి నడిచి ఇంటికి బయలుదేరిన పన్నెండేళ్ల బీజాపూర్ బాలిక, ఊరు ఇక కొద్ది మైళ్లలో ఉందనగా దారిలోనే చనిపోయింది. దేశమంతా ఆ వార్త చదివింది. మరుసటి ఏడాది మిరప కోతకు మళ్లీ అదే దారిన జనం వచ్చారు. ఇంటి సేద్యం ఏడాదికి సరిపడా డబ్బు చూపించదు, అంతే.

తారలగూడ దగ్గర ఛత్తీస్‌గఢ్ మొదలవుతుంది. బోర్డులు హిందీలోకి మారతాయి గాని మాట మారదు. భోపాలపట్నం బజారులో కిరాణా కొట్టువాడు, దర్జీ, చేపలమ్మే ఆమె ఇప్పటికీ తెలుగులోనే బేరమాడతారు. పెళ్లి సంబంధాలు గోదావరికి ఆ వైపూ ఈ వైపూ సాగుతూనే ఉన్నాయి. దోర్లాల మాట గోండికీ తెలుగుకీ నడుమ ఉండి, చెవి ఒగ్గి వింటే సగం అర్థమవుతుంది. ఊరికి దక్షిణంగా భద్రకాళి అనే పల్లె దగ్గర ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఓరుగల్లు పడిపోయాక కాకతీయుల వంశీకుడు అన్నమదేవుడు 1324 ప్రాంతంలో గోదావరి దాటి వచ్చి బస్తర్ రాజ్యం నిలబెట్టాడని ఆ రాజవంశం చెప్పుకునే కథ. 1795లో ఈస్టిండియా కంపెనీ అధికారి కెప్టెన్ బ్లంట్ ఈ దారిన బస్తర్‌లోకి వెళ్లబోతే భోపాలపట్నం గోండులు అడ్డగించి వెనక్కి పంపారు. బయటివాళ్లను అనుమానంగా చూడటానికి ఈ నేలకు పాత కారణాలే ఉన్నాయి.

భోపాలపట్నం హోటళ్లలో భోజనానికి అన్నం, పప్పు, గోంగూర, ఏటి చేపల పులుసు దొరుకుతాయి. తెలుగు కుటుంబాలున్నాయి కాబట్టి పెరుగూ దొరుకుతుంది. ఇక్కడి నుంచి 63వ నంబరు జాతీయ రహదారి మద్దేడు మీదుగా బీజాపూర్‌కు పోతుంది. రోడ్డుకిరువైపులా టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప. మద్దేడు దాటాక టీ కొట్లలో పాలపొడి డబ్బా కనిపిస్తుంది. రోడ్డు దిగి లోపలికి పోతే అదీ ఉండదు.

లోపలి ఊళ్లలో ఇళ్లు వీధి వరసలో ఉండవు. ఒక్కో ఇల్లు దాని పెరడుతో, దాని దడితో, పొరుగింటికి కేకేస్తే వినపడేంత దూరంలో విడిగా ఉంటుంది. అతిథి వస్తే మొదట జోహార్, తర్వాత చెంబుతో నీళ్లు, ఆపైన నులకమంచం. కబుర్లకు తొందరపడరు. కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడకపోయినా ఎవరికీ ఇబ్బందిగా ఉండదు. ఎలా వచ్చారు, ఎందుకొచ్చారు అన్న ప్రశ్నలు తాగడానికేదైనా ఇచ్చిన తర్వాతే. ఇచ్చేది ఎండాకాలమైతే జావ, చలికాలమైతే లాల్ చాయ్. లాల్ చాయ్ అంటే పాలు లేని డికాక్షన్, చక్కెర మాత్రం దండిగా. తెలుగు ఊళ్లలో పాలు లేని టీ ఇస్తే చిన్నతనం. ఇక్కడ అదే మర్యాద.

జావ కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. రాగుల్ని ఇక్కడ మడియా అంటారు. రాగిపిండిని రాత్రే నీళ్లలో కలిపి పులవనిచ్చి, మర్నాడు నూకలతో కలిపి కాస్తారు. దీన్నే పేజ్ అంటారు. చేనికి పోయేవాళ్లు దాన్ని తుంబాలో పోసుకుని భుజాన వేసుకుంటారు. తుంబా అంటే ఎండిన సొరబుర్ర. పెరట్లో తీగ మీదే కాయను ముదరనిచ్చి, కోసి ఎండబెట్టి, తొడిమ దగ్గర చిల్లి పెడతారు. లోపల నీళ్లు పోసి గుజ్జు కుళ్లనిచ్చి, గులకరాళ్లు వేసి గిలకొట్టి కడిగేస్తారు. ఆ తర్వాత పొయ్యి పైన పొగకు వేలాడదీస్తే బుర్ర గట్టిపడి నల్లబడుతుంది. మెడ సన్నంగా, పొట్ట గుండ్రంగా ఉన్న ఆ బుర్రలో పోసిన జావ నడివేసవి మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. మూతి దగ్గర ఆకు చుట్టి బిగిస్తారు. తాగేది అడ్డాకు దొప్పలో. సర్కారువారు పంచిన ప్లాస్టిక్ బాటిళ్లు ఇళ్లలో ఉన్నాయి, వాటిలో కిరసనాయిలు ఉంటుంది.

పాలిచ్చే మూడు సరుకులు, అంటే పులుపు, కొవ్వు, మాంసకృత్తులు, ఈ ఇంట్లో వేరే దారుల్లో వస్తాయి. పులుపు పులిసిన జావలోనూ, చింతపండులోనూ, గోంగూరలోనూ, చాప్డాలోనూ ఉంది. మామిడి, మద్ది చెట్ల మీద ఆకులు కుట్టుకుని గూళ్లు కట్టే ఎర్రచీమల్ని గుడ్లతో సహా దులిపి, ఉప్పూ మిరపకాయా వేసి నూరితే చాప్డా. దాని పులుపు చీమల్లోని ఫార్మిక్ ఆమ్లం వల్ల. పక్క రాష్ట్రం ఒడిశాలో మయూర్‌భంజ్ ఆదివాసులు చేసే ఇదే పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొవ్వు ఇప్పకాయ నుంచి. వానలకు ముందు రాలిన ఇప్పకాయల గింజలు కొట్టి, ఆవిరి పట్టి, చెక్కగానుగలో పిండితే వచ్చే నూనెను టోరా నూనె అంటారు. చలికాలం పొద్దున అది గిన్నెలో నెయ్యిలా గడ్డకడుతుంది. ఇప్పుడు రేషన్ కొట్లూ సంతలూ పామాయిల్‌ను, సోయా నూనెను దగ్గర చేశాయి కాబట్టి టోరా ముసలివాళ్ల వంటలకు పరిమితమవుతోంది. అది పోవడం మంచిది కాదు. ఇంట్లో పుట్టే కొవ్వు పోయి, కొనే కొవ్వు వస్తోంది. ఇక మాంసకృత్తులకు కోడి, పంది, ఏటి చేప, వాటిని ఎండేసిన సుక్సీ, చిక్కుడు గింజలు, ఉలవలు, వానాకాలంలో పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు.

ఏడాది లెక్క ఇక్కడ పండుగలతో సాగుతుంది. గోండిలో పండుగను పండుమ్ అంటారు. ఏ పంటనైనా, ఏ కాయనైనా దాని పండుమ్ అయ్యేదాకా నోట పెట్టకూడదు. మామిడికి మర్కా పండుమ్, కొత్త ధాన్యానికి కొర్తా పండుమ్, విత్తనానికి విజ్జ పండుమ్. భద్రాచలం, ఏటూరునాగారం కోయల విత్తనాల పండుగ, కొత్తల పండుగ, చిక్కుడు పండుగ వీటికి తోబుట్టువులే. పచ్చికాయను ముందే కోసేయకుండా, విత్తనాన్ని తినేయకుండా కాపాడే కట్టుబాటు ఇది. పండుమ్ రోజును ఊరి పూజారి, పెద్దలు కలిసి నిర్ణయిస్తారు. పక్కపక్క ఊళ్లలో ఒకే పండుగ వేరువేరు రోజుల్లో రావడం మామూలే.

మార్చి, ఏప్రిల్ ఇప్పపువ్వు నెలలు. తెల్లారకముందే చెట్టు కింద ఊడ్చి, ఇంటిల్లిపాదీ ఏరుతారు. మే నెల తునికాకుది. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా. 2024 నుంచి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తాకు 5,500 రూపాయలు ఇస్తోంది. యాభై వేల ఆకులు కోసి, లెక్కపెట్టి, కట్టగట్టి, ఎండబెడితే వచ్చే మొత్తం అది. ఎండలో నడుం వంచి చేసే ఆ పని ముందు పాడిపని సుఖమే అనిపించవచ్చు. కానీ ఆకు డబ్బు ఒకేసారి, వానల ముందు, విత్తనాలూ బట్టలూ కొనాల్సిన వేళకు చేతికొస్తుంది. రోజుకో పాతిక రూపాయలుగా వచ్చే పాలడబ్బుకు ఆ గుణం లేదు.

జూన్‌లో విత్తడం. వరి ఎక్కువగా వెదజల్లే పద్ధతే, నాట్లు తక్కువ. గట్టు నేలల్లో కోసరా అనే సామలు, మడియా. జూలై నడుమ, వరి జానెడు మూరెడు ఎదిగి మడిలో నీళ్లు నిలిచాక, ఛత్తీస్‌గఢ్ అంతటా చేసే బియాసి పని ఇక్కడా కనిపిస్తుంది. ఎదిగిన పైరు మీదుగానే నాగలి తోలతారు. చూసే కొత్తవాడికి పంట పాడుచేస్తున్నట్టే ఉంటుంది. ఎడ్ల కాళ్ల కింద మొక్కలు ఒరుగుతాయి, నాగటి చాలు పడ్డచోట వేళ్లతో లేస్తాయి, నీళ్లు బురదవుతాయి. కలుపు బురదలో అణిగిపోతుంది, ఒత్తుగా ఉన్నచోట వరి పలచబడుతుంది, మిగిలిన మొక్క వేరు వదులై పిలకలు వేస్తుంది. వెనకే ఆడవాళ్లు లేచిన మొక్కల్ని ఖాళీచోట్ల గుచ్చుతూ వస్తారు. వారం తిరిగేసరికి మడి మళ్లీ పచ్చగా నిలబడుతుంది.

ఈ పనికి బరువైన ఒంగోలు ఎద్దు పనికిరాదు. నడుమెత్తు, తేలికపాటి ఒళ్లు, చిన్న గిట్టలు, బురదలో చురుగ్గా కదిలే నాటు ఎద్దే కావాలి. ఆ ఎద్దు కోడెదూడగా ఉన్నప్పుడు తల్లి పాలన్నీ తాగి పెరిగిందే. దూడకు రోజూ దాని బరువులో పదో వంతు పాలు పడాలన్నది పశువైద్యుల మామూలు లెక్క. బస్తర్ నాటు ఆవు ఇచ్చేది రోజుకు లీటరు అటూ ఇటూ. ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తే మిగులు ఏమీ లేదు. పితికితే దూడ డొక్కలెండుతాయి, దూడ ఎండితే నాలుగేళ్ల తర్వాత కాడి కింద నిలబడే జత ఉండదు. పాలు ముట్టకపోవడాన్ని నమ్మకమని, ఆచారమని పుస్తకాలు రాశాయి. నమ్మకం ఉంది, కాదనలేం. కానీ ఆ నమ్మకం వెనుక సేద్యగాడి లెక్క కూడా గట్టిదే.

ఇది బస్తర్ ఒక్కచోటి వింత కూడా కాదు. అమెరికా భూగోళ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సిమూన్స్ 1970లో దక్షిణాసియాలో పాలు పితికే జాతుల హద్దు ఎక్కడ ఆగుతుందో పరిశీలించాడు. తూర్పున బర్మా, వియత్నాం, చైనా రైతులకు పాలతో పని లేదు. మధ్యభారతపు అడవుల్లో కూడా పితకని జనాల దీవులు ఉన్నాయి. పెద్దయ్యాక పాలు అరిగించుకునే జన్యు లక్షణం వాయవ్య భారతంలో ఎక్కువ, తూర్పుకు, దక్షిణానికి వచ్చేకొద్దీ తక్కువ అని తర్వాతి పరిశోధనలు చూపాయి. స్విట్జర్లాండ్ కొండరైతు వేసవి పాలను చీజ్‌గా మార్చి చలికాలానికి దాచుకుంటాడు. బీజాపూర్ రైతు దాచుకునేది ఎండిన ఇప్పపువ్వు, ఎండుచేప, చింతపండు. మన ఇళ్లలో ఆవు ఈనితే వీధంతా జున్ను పంచుతారు. ఇక్కడ ఆ ముర్రుపాలు చివరి చుక్కదాకా దూడ కడుపులోకే పోతాయి. పశువైద్యుడెవరైనా మెచ్చుకునేది ఈ రెండో పద్ధతినే.

ఇంటి వెనుక దడి లోపలి తోటను బాడీ అంటారు. చిక్కుడు, సొర, గుమ్మడి, మొక్కజొన్న, వంగ, మిరప, ఆవాలు, కొంచెం పొగాకు. వానాకాలంలో అది దట్టంగా ఉంటుంది. చలికాలంలో దడి బయట ఆకు కూడా మిగలదు. కారణం పశువులే. నవంబరులో వరి కోత అయిపోగానే మందను విడిచిపెడతారు. మళ్లీ విత్తే దాకా అవి ఊరంతా, చేలంతా తిరుగుతాయి. ఒక్కడు రబీలో కూరగాయలు వేస్తే ఊరి మందకు విందవుతుంది. అందుకే రెండో పంట లేదు. నీళ్లు లేవనేది సగం కారణమే, వెదురు దడికి పెట్టాల్సిన చాకిరీ మిగతా సగం. 2020 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం రోకా ఛేకా పేరుతో పశువుల్ని విడవకుండా కట్టడి చేసే కార్యక్రమం పెట్టింది. మైదానాల్లో కాస్త నడిచింది, అడవి ఊళ్లలో అంతంతమాత్రం.

దసరా దీపావళులు అయ్యాక, పుష్యమాసం దగ్గర్లో, బస్తర్ మైదానపు ఊళ్లలో దియారి వస్తుంది. ఆ రోజు పశువులకు కిచిడీ వండి పెట్టి, మెడలో దండలు కడతారు. ఏడాది పొడుగునా మందను కాసిన ధోరాయికి ఇంటింటా చేటతో ధాన్యం పోస్తారు. మన కనుమను తలపించే పండుగే. గోదావరి జిల్లాల కనుమ లాగే ఇక్కడా కోడిపందేలకు లోటు లేదు. అసీల్ జాతి కోడికి బస్తర్ కూడా పుట్టిల్లే. సంత జరిగే ప్రతిచోటా చివర ఒక చెట్టు కింద పందెం బరి ఉంటుంది. ఓడిన కోడి గెలిచినవాడిది, ఆ రాత్రి కూర.

పాడి ఆవు లేని ఇంట్లో పొద్దున్నే గుక్కెడు తెల్లటిది ఇచ్చే మరొక ఆస్తి ఉంది, జీలుగు చెట్టు. ఇక్కడ సల్ఫీ అంటారు. పూగెల కోసి కుండ కడితే పొద్దునా సాయంత్రం కల్లు దిగుతుంది. కొన్నేళ్లపాటు పై గెలల నుంచి కిందికి వరసగా పూసి, చివరి గెల అయిపోగానే చెట్టు చచ్చిపోతుంది. పంపకాల్లో, కూతురి పెళ్లిలో జీలుగు చెట్టును లెక్కలోకి తీసుకుంటారు. ఈ మధ్య తెగులు బస్తర్‌లో చాలా చెట్లను పొట్టన పెట్టుకుంది. గొడ్డు చచ్చినంత నష్టంగానే ఇళ్లవాళ్లు చెబుతారు.

బీజాపూర్ చిన్న పట్నం. 2007లో దంతెవాడ నుంచి విడదీసి జిల్లా చేశారు. 2011 జనగణనలో జిల్లా జనాభా 2,55,230, అందులో ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది షెడ్యూల్డు తెగలవారు. పట్నంలో ఉద్యోగులు, వ్యాపారులు, పోలీసులు ఉన్నారు కాబట్టి పాలకు గిరాకీ ఉంది. గేదెలు పెట్టుకున్న కొద్ది కుటుంబాలు క్యాన్లతో వాడకం పోస్తాయి. మిగతాది ప్యాకెట్లలో బయటినుంచి వస్తుంది. సంతలో మాత్రం పాలూ పెరుగూ అమ్మే గంప కనపడదు. ఉన్నవి చింతపండు, ఎండుచేప, ఆకుల్లో చాప్డా, ఇప్పపువ్వు, కోళ్లు, సొరబుర్రలు, ఉప్పు.

ఈ జిల్లాలో పశువుకు సర్కారు ధర కట్టింది పాలతో కాదు, పేడతో. 2020 జూలై 20న, హరేలి పండుగనాడు, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం గోధన్ న్యాయ్ యోజన మొదలుపెట్టి పేడను కిలో 2 రూపాయలకు కొన్నది. 2022 హరేలికి గోమూత్రాన్ని లీటరు 4 రూపాయలకు కొనడం మొదలైంది. పేడతో వానపాముల ఎరువు చేసి మహిళా సంఘాలు అమ్మేవి. నవ్వుకున్నవాళ్లు చాలామందే. కానీ పితకని ఆవు ఉన్న ఇంటికి, దూడ వాటా ముట్టకుండా, డబ్బు తెచ్చిన పథకం ఇదొక్కటే. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక అది అటకెక్కింది. 2024 డిసెంబరులో కొత్త ప్రభుత్వం జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి బోర్డుతో ఒప్పందం చేసుకుంది. బస్తర్ ఉత్తరభాగంలోని కొండగావ్, కాంకేర్ జిల్లాల ఆదివాసీ మహిళలకు పాడి ఆవులు ఇవ్వాలన్నది ఆ ప్రణాళికలో ఒక భాగం. బీజాపూర్‌కు ఆ ఆవుల లారీ ఇంకా రాలేదు.

వచ్చే ముందు ఆలోచించాల్సినవి కొన్ని ఉన్నాయి. పాడి ఆవుకు పచ్చిమేత, దాణా, టైముకు సూది కావాలి. ఆరు నెలలు విడిచి తిప్పే ఊళ్లో, పశువుల డాక్టరు ఒక రోజు ప్రయాణం దూరంలో ఉన్నచోట, ఆ ఆవు బతకడమే కష్టం. ఇక పిల్లల తిండి సంగతి. అంగన్‌వాడీ పిల్లలకు వారానికోసారి తియ్యటి ప్యాకెట్ పాలు ఇచ్చే పథకాన్ని రాష్ట్రం 2016లో తెచ్చింది. 2019లో బడి భోజనంలో గుడ్డు పెడతామంటే గొడవలయ్యాయి. పిల్లల బక్కచిక్కిన ఒళ్లు చూస్తే పోషణ అవసరం గురించి వాదనే అక్కర్లేదు. అయితే ప్రతి ఇంటా కోళ్లున్న చోట గుడ్డు సులువైన దారి, పాలు చుట్టుదారి.

బీజాపూర్ దాటి నైమేడ్ దగ్గర ఎడమకు తిరిగితే కుట్రు. ఈ పరిసరాల్లోనే 2005 జూన్‌లో, మావోయిస్టులకు ఎదురుగా సర్కారు అండతో, సల్వాజుడుం మొదలైంది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయి కొందరు రోడ్డు పక్క శిబిరాలకు, కొందరు గోదావరి దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి పోయారు. మన పత్రికలు గుత్తికోయలని రాసేది వాళ్ల గురించే. జనం చేతికందింది పట్టుకుని పోయారు. మందలు అడవిపాలయ్యాయి, కొన్ని దోపిడీ అయ్యాయి. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ సాయుధ దళాల్ని రద్దు చేయమని తీర్పు ఇచ్చింది. తిరిగొచ్చిన కుటుంబాలకు ఇల్లు ఒక వానాకాలంలో లేచింది, చేను రెండేళ్లలో దారికొచ్చింది, మంద మాత్రం మళ్లీ కట్టడానికి దశాబ్దం పట్టింది. ఒక పెయ్య చూడికట్టి, ఈని, దాని కోడెదూడ కాడికి రావాలంటే కాలం పడుతుంది మరి. ఇప్పుడు నియద్ నెల్లానార్ అనే సర్కారు పథకం కింద 2024 నుంచి లోపలి ఊళ్లకు రోడ్లు, కరెంటు, రేషన్ చేరుతున్నాయి. రోడ్డు వెంట పాలప్యాకెట్టూ చేరుతుంది.

కుట్రు ఇంద్రావతి అభయారణ్యానికి ఒక వాకిలి. ఆ అడవి 1981లో జాతీయ ఉద్యానం, 1983లో పులుల రక్షితప్రాంతం అయింది. ఇక్కడ పులికన్నా విశేషమైనది అడవి గేదె. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు అదే. ప్రపంచంలో పాడిగేదెలన్నిటికీ మూలజాతి అయిన ఈ జంతువు మధ్యభారతంలో ఇంద్రావతి ఒడ్డున, నదికి ఆవల గడ్చిరోలి కోలామార్కాలో, ఇంకా ఒకటి రెండు చోట్ల కొద్దిగా మిగిలింది. దాని సంతతిని పితికే ఊళ్లు ఎక్కడో దూరాన ఉన్నాయి, అది మిగిలిన ఊళ్లలో గేదెను పితికే అలవాటు లేదు. ఈ రెంటికీ సంబంధం లేకపోలేదు. అడవి గేదెకు పెద్ద ముప్పు ఊరి గేదెలతో కలిసి సంకరం కావడం, వాటి జబ్బులు అంటుకోవడం. పాడిగేదెల పథకం ఈ నది ఒడ్డుకు వస్తే ముందు దెబ్బతినేది ఇవే. ఇవ్వాల్సి వస్తే ఇక్కడ గేదె వద్దు. కోళ్లు, మేకలు, తోటకు దడి, పశువుల డాక్టరు అంటే సరే.

భైరంగఢ్ మీదుగా గీదం చేరేసరికి రోడ్డు పక్క మళ్లీ స్వీటు దుకాణాలు, గాజు అలమరలో కోవా, రసగుల్లా. అక్కడినుంచి జగదల్‌పూర్ దాకా పాలదేశమే. చూడదలచినవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వరి కుప్పలు, చిక్కుడు, దియారి, చల్లటి గాలి. లోపలి ఊరికి వెళ్లాలంటే ముందు సర్పంచ్‌నో ఊరి పెద్దనో కలిసి అడిగి వెళ్లాలి, అడగకుండా ఫొటోలు తీయకూడదు. ఎవరింట కూర్చున్నా ఇచ్చిన లాల్ చాయ్ తాగాలి, పాలు కలిపిన టీ అడగవద్దు. అడిగితే కాదనరు, ఆ ఇంటి కుర్రవాడు ఒక్క ప్యాకెట్ కోసం రోడ్డుదాకా సైకిలు తొక్కుతాడు.